చెరువు పిట్టల ఫోటోలు: లెన్స్ మార్చే ముందు కూర్చునే చోటు మార్చండి

మీరు అడిగింది ఇదీ: ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేము కన్నా చిన్న సెన్సరున్న) కెమెరా, 70-300 మి.మీ. లెన్స్ ఉన్నాయి. ఆదివారం ఎనిమిదింటికి ఇంటి దగ్గరి చెరువు కట్ట మీద నడుస్తూ ఫోటోలు తీస్తున్నారు. పిట్ట ఫ్రేములో ఏ మూలో చిన్నగా ఉంటోంది, కొంగలు తెల్ల మచ్చల్లా వస్తున్నాయి, కాస్త దగ్గరికి పోతే అన్నీ లేచిపోతున్నాయి. 150-600 లెన్స్ కొంటే బాగుపడుతుందా?

కొంత బాగుపడుతుంది, మీరనుకున్నంత కాదు. లెక్క చూడండి. మీ కెమెరాలో 300 మి.మీ. దగ్గర, పది మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు సుమారు 78 సెం.మీ. తెల్లరొమ్ము లకుముకి పొడవు దాదాపు 28 సెం.మీ. అంటే ఫ్రేములో మూడో వంతుకు పైగా నిండుతుంది, అది చాలా మంచి ఫోటో. ముప్పై మీటర్ల నుంచి తీస్తే అదే ఫ్రేము వెడల్పు 2.3 మీటర్లు దాటుతుంది, పిట్ట ఎనిమిదో వంతు కూడా ఉండదు. 600 మి.మీ. లెన్స్ చేసేదల్లా ఆ ముప్పై మీటర్లను పదిహేనుగా చూపించడం. సరైన చోట కదలకుండా కూర్చుంటే పిట్టే పది మీటర్లలోకి వస్తుంది. పైగా ఆ లెన్స్ బరువు సుమారు 2 కిలోలు, నడుస్తూ తీసేవాళ్ళకు అరగంటలో చేతులు వణుకుతాయి. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే ముందు 8×42 బైనాక్యులర్ కొనండి. ఏ పిట్ట ఎక్కడ మేస్తోంది, ఎటు నుంచి ఎటు కదులుతోంది అన్నది తెలియకుండా ఏ లెన్సూ పని చేయదు.

ముందు చెరువును చదవాలి. మన చెరువులన్నీ దాదాపు ఒకే తీరు: ఒక వైపు కట్ట, కట్ట కింద తూము, పక్కన అలుగు, ఎదురుగా నీళ్ళ లోతు తగ్గుతూ పోయే నేల, అంటే శిఖం. లోతు కట్ట దగ్గర, తూము దగ్గర ఎక్కువ. అక్కడ ఉండేవి లోతు నీళ్ళలో చేపలు పట్టేవి: నీటికాకులు, మునుగుడు కోళ్ళు, అదృష్టముంటే పెలికాన్లు. మోకాలి లోతు కన్నా తక్కువ నీళ్ళుండే శిఖం వైపే ఎర్రకాళ్ళ కొంగలు, బురదలో పొడుచుకు తినే చిన్న ఉల్లంకులు, గులాబీ కాళ్ళ స్టిల్ట్‌లు, చలికాలంలో వచ్చే షావెలర్ బాతులు మేస్తాయి. జమ్ము, తుంగ పెరిగిన అంచుల్లో నీటికోళ్ళు, ఊదా రంగు స్వాంప్‌హెన్‌లు. తామరాకుల మీద, గుర్రపుడెక్క తెప్పల మీద జకానాలు. వానాకాలంలో అలుగు పారుతుంటే కింద రాళ్ళ మీద కొంగలు వరస కట్టి ఎదురెక్కే చేపల కోసం నిలబడతాయి. ఏడాదిలో కొద్ది రోజులే దొరికే ఈ అవకాశాన్ని వదులుకోవద్దు. మీరేమో లోతు ఎక్కువ, పిట్టలు తక్కువ ఉండే చోట, అదీ ఎత్తు మీది నుంచి తీస్తున్నారు.

ఎత్తు అంటే గుర్తొచ్చింది, ఫోటో చెడగొట్టేది సగం అదే. కంటి ఎత్తు 1.5 మీటర్లు, పిట్ట దూరం పది మీటర్లు అనుకుంటే దాన్ని సుమారు ఎనిమిదిన్నర డిగ్రీల వాలులో చూస్తారు. పిట్ట వెనకాల కనిపించేది పక్కనే ఉన్న నీళ్ళు, చెత్త, ప్లాస్టిక్ కవర్లు, అన్నీ ఫోకస్‌లోనే. లెన్స్ నేలకు 30 సెం.మీ. ఎత్తులో ఉంటే ఆ వాలు రెండు డిగ్రీల లోపు పడిపోతుంది. వెనక కనిపించేది ఎప్పుడో అవతలి ఒడ్డు, అది మెత్తగా కరిగిపోతుంది. ఐదు మీటర్ల కట్ట మీద నిలబడి ఇరవై మీటర్ల అవతల ఉన్న బాతును తీస్తే వాలు పద్దెనిమిది డిగ్రీలు, బాతు వీపే ఎక్కువగా కనిపిస్తుంది. పడుకోవడానికి ఎరువుల బస్తా గానీ టార్పాలిన్ ముక్క గానీ చాలు. లెన్స్ కింద పెట్టడానికి పాత జీన్స్ కాలు కత్తిరించి, ఒక కొస కుట్టి, కిలోన్నర బియ్యం పోసి రెండో కొస కట్టేయండి. బురద మీదైతే పాత పెనంలో ఈ సంచీ పెట్టి నెట్టుకుంటూ పోవచ్చు, దిగబడదు.

ఇప్పుడు అసలు విషయం: ఎండ, గాలి రెండూ మీ వీపుకు తగలాలి. ఎండ సంగతి అందరూ చెప్తారు, గాలి సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. పిట్టలు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. గాలి మీ వెనక నుంచి వీస్తే దిగే ప్రతి పిట్టా మీకు ముఖం చూపిస్తూ వస్తుంది. ఎదురు నుంచి వీస్తే తోకలు మిగులుతాయి. హైదరాబాద్‌లో చలికాలం గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం వైపు నుంచి వస్తుంది. పొద్దున ఎండా తూర్పు నుంచే. కాబట్టి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి పూట తూర్పు ఒడ్డున పడమటి ముఖంగా కూర్చోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర నుంచి బలంగా వీస్తుంది కాబట్టి సాయంత్రం పూట పడమటి ఒడ్డే మేలు. మబ్బు విడిచిన సాయంత్రం ఆ ఒడ్డున ఎండ, గాలి రెండూ కలిసొస్తాయి. గాలి ఎటుందో తెలియకపోతే ఒడ్డున విశ్రాంతిగా నిలబడ్డ తీతువు పిట్టల్ని చూడండి, గాలికే ముఖం పెట్టి ఉంటాయి.

మీ చెరువు కట్ట తూర్పున ఉందో లేదో చూసుకోండి. గండిపేట లాంటి చోట మూసీ పడమర నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి కట్ట తూర్పునే పడింది. అక్కడ వెలుతురు బాగుంటుంది, ఎత్తే ఇబ్బంది. ఇలాంటప్పుడు కట్ట చివర నేల మట్టానికి దిగే మూల వెతుక్కోవాలి.

వేళ గురించి. డిసెంబరు, జనవరిలో సూర్యోదయం దాదాపు ఆరూముప్పావుకు, జూన్‌లో ఆరుకు ముందే. మీరు ఎనిమిదింటికి వెళ్తున్నారు. అంటే వేసవిలో మంచి వెలుతురు అప్పటికే అయిపోతుంది, చలికాలంలో ఒక గంట మిగులుతుంది. సూర్యోదయానికి అరగంట ముందే కూర్చుని ఉండాలి. చీకట్లో వచ్చి కూర్చున్న మనిషిని పిట్టలు చెట్టు మొదలు కింద లెక్కగట్టి ఊరుకుంటాయి, వెలుతురులో నడిచొచ్చిన మనిషిని గంటసేపు అనుమానిస్తాయి. తొమ్మిది, తొమ్మిదిన్నర దాటాక ఇంకో తిప్పలు: వేడెక్కిన బురద మీద గాలి అలలు పోతుంది. నలభై యాభై మీటర్ల అవతలి పిట్ట ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా మసకే. ఫోకస్ తప్పిందని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తేవాళ్ళలో చాలామంది లెన్స్‌లు నిక్షేపంగా ఉంటాయి. లెన్స్ ముందు చవక యూవీ ఫిల్టర్ ఉంటే మాత్రం తీసేయండి, 300 మి.మీ. దగ్గర అది స్పష్టతను తినేస్తుంది.

పిట్టలు ఎగిరిపోవడం. మీరు నేరుగా వాటి మీదికే నడుస్తున్నారు, వాటి దృష్టిలో అది వేట. ఏటవాలుగా, వేరే ఎక్కడికో పోతున్నట్టు నడవండి, నాలుగడుగులకోసారి ఆగండి. పిట్ట మేత ఆపి తల పైకెత్తితే అక్కడే ఆగిపోవాలి. మళ్ళీ మేత మొదలుపెట్టేదాకా కదలొద్దు. తల పైకీ కిందికీ ఊపడం, నీటికోడి తోక ఎగరేయడం, రెట్ట వేసి ముందుకు వంగడం, ఇవన్నీ ఎగరబోయే ముందు గుర్తులు. చివరిదాన్ని మాత్రం మీకు పనికొచ్చేలా వాడుకోవచ్చు: కొమ్మ మీది లకుముకి రెట్ట వేసి ముందుకు వంగగానే బటన్ నొక్కి పట్టండి. తీతువు పిట్ట అరిచిందంటే చెరువంతా దండోరా వేసినట్టే, ఇక అరగంట మర్చిపోండి. చెరువు మొత్తం ఒక్కసారిగా లేస్తే మాత్రం మీ తప్పని అనుకోకుండా పైకి చూడండి, చలికాలంలో అది చాలాసార్లు మార్ష్ హ్యారియర్ అనే గద్ద జాతి పక్షి.

చాకిరేవు, గేదెలు దిగే రేవు, వలలు ఆరేసే చోటు దగ్గర పిట్టలకు మనుషులంటే అలవాటు. అక్కడ గుడ్డికొంగ ఆరేడు మీటర్ల దాకా రానిస్తుంది. గేదెల కాళ్ళ దగ్గర లేచే పురుగుల కోసం గొడ్డుకొంగలు, జిట్టంగులు వాటి వెంటే తిరుగుతాయి. కామఫ్లాజ్ వలల మీద డబ్బు తగలేయక్కర్లేదు, మట్టి రంగు చొక్కా చాలు. తెలుపు, ఎరుపు వద్దు. చెరువులో చేపలు పట్టే గంగపుత్రులను, ముదిరాజులను పలకరించండి. "అన్నా, బాతులు ఏ దిక్కు దిగుతున్నయి?" అని అడిగితే చాలు, లోతెక్కడుందో, బురద ఎక్కడ మింగుతుందో కూడా చెప్తారు. వాళ్ళ తెప్పలు ఏ వేళకు నీళ్ళలోకి దిగుతాయో తెలిస్తే బాతులు ఎటు లేచి ఎటు వాలతాయో ముందే తెలిసిపోతుంది.

లకుముకి ఎప్పుడూ కూర్చునే కొమ్మ కింద తెల్లటి రెట్ట మరకలుంటాయి. దానికి ఎనిమిది, పది మీటర్ల దూరంలో, ఎండ వీపున పెట్టుకుని కూర్చోండి. కొమ్మ వెనక పదిహేను మీటర్ల దాకా ఏమీ లేకుండా కోణం చూసుకోండి. కొమ్మ లేకపోతే ఎండిన తుమ్మ కొమ్మ ఒకటి ఒడ్డున గుచ్చి వదిలేయండి, కొన్నాళ్ళకు వాడకంలోకి వస్తుంది. నలుపు తెలుపు లకుముకి నీళ్ళ మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది, గాలికి ఎదురుగానే. వీపున గాలి ఉండాలన్న మాట అక్కడ బాగా పనికొస్తుంది.

ఇక సెట్టింగులు. ఫోకస్ ఎప్పుడూ కంటిన్యువస్‌లో (కదిలే పిట్టను వెంటాడే మోడ్), ఒకే పాయింటు లేదా చిన్న గుంపు, మీ బాడీలో పిట్ట కన్ను పట్టే సదుపాయం ఉంటే అది. పది మీటర్ల దూరంలో 300 మి.మీ., ఎఫ్/5.6 దగ్గర ఫోకస్‌లో ఉండే మందం సుమారు 25 సెం.మీ. మాత్రమే కాబట్టి రెక్క మీద పడితే కన్ను పోవచ్చు. కూర్చున్న పిట్టకు షట్టర్ వేగం 1/500 సెకను కన్నా తగ్గొద్దు. నడిచేదానికి 1/1000, ఎగిరేదానికి 1/2000, లకుముకి దూకుడుకు 1/3200. అపర్చర్ ఎఫ్/5.6 లేదా 6.3. చలికాలం ఏడుంబావుకు 1/1000 కావాలంటే ఐఎస్ఓ 800 నుంచి 1600 దాకా పోతుంది, పోనివ్వండి. గ్రెయిన్‌ను కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు, చేయి కదిలిన మసక ఎన్నటికీ పోదు.

తెల్ల మచ్చల సమస్య: కెమెరా ముదురు నీళ్ళను చూసి దృశ్యం చీకటిగా ఉందనుకుని ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, కొంగ ఈకలు కాలిపోతాయి. ఆటో ఐఎస్ఓ వాడుతుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1.3 పెట్టండి. నల్లటి నీటికాకి ఫ్రేము నిండా ఉన్నా మైనస్ 0.7. తెల్లటి ఆకాశం మీద ఎగిరే పిట్టకు ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7. ఈ లెక్కలు ప్రతిసారీ మార్చడం చిరాకు. అందుకే ఎండ నిలకడగా ఉన్నప్పుడు పూర్తి మాన్యువల్ మేలు: తొమ్మిది గంటల ఎండకు ఎఫ్/6.3, 1/2500, ఐఎస్ఓ 400తో మొదలుపెట్టి, కొంగ మీద తెలుపు కాలకుండా హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుతురు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) చూసి సరిచేసి వదిలేయండి. కొంగ వచ్చినా కాకి వచ్చినా వాటి మీద పడే ఎండ ఒకటే కదా. మబ్బు అడ్డొచ్చినప్పుడు మాత్రం మార్చడం మర్చిపోవద్దు. ఫైలు రా ఫార్మాట్‌లోనే. సైలెంట్ షట్టర్ కూర్చున్న పిట్టకు బాగుంటుంది, ఎగిరేదానికి వాడితే చాలా కెమెరాల్లో రెక్కలు వంకర పోతాయి.

ఎగిరే పిట్టలు నేర్చుకోవాలంటే లకుముకితో మొదలుపెట్టొద్దు. సాయంత్రం గూటికి బారులు తీరి పోయే గొడ్డుకొంగలు, ఊరంతా తిరిగే నల్ల గద్దలు మెల్లగా, ఒకే వేగంతో పోతాయి. వాటి మీద చేయి కుదిరాక చలికాలపు టెర్న్‌లు, ఆ తర్వాత లకుముకి.

చెరువంటే పిట్టలొక్కటే అనుకోకండి. మీ 70-300 తూనీగలకు నిజంగా మంచి లెన్స్, మీటరున్నర దూరం నుంచి తీయొచ్చు. పైగా పది గంటల తర్వాత, పిట్టలు చల్లబడ్డాక, అవి జోరు మీదుంటాయి. వానలు పడ్డాక ఆగస్టు నుంచి నవంబరు దాకా వీటికి మంచి కాలం. తూనీగ లేచినా మళ్ళీ అదే పుల్ల మీదికి వస్తుంది, కాబట్టి వెంట పడకుండా పుల్ల మీద ఫోకస్ పెట్టి ఆగండి. మీటరున్నర దగ్గర ఎఫ్/8కి ఫోకస్ మందం సుమారు 6-8 మి.మీ. మాత్రమే. కెమెరా వెనక భాగం తూనీగ ఒంటికి, రెక్కలకు సమాంతరంగా ఉండేలా పక్క నుంచో పై నుంచో తీస్తేనే మొత్తం స్పష్టంగా వస్తుంది. మిట్టమధ్యాహ్నం తోక నిట్టనిలువుగా పైకెత్తి కనిపిస్తే అది ఎండ ఒంటికి తక్కువ తగిలేలా చేసుకునే ఏర్పాటు. నగర చెరువుల్లో ఎక్కువగా కనిపించే, రెక్కల మీద నారింజ రంగు పట్టీ ఉండే చిన్న తూనీగ డిచ్ జ్యూవెల్. మురుగు నీళ్ళలోనూ పెరుగుతుంది. చెరువు పొడుగునా అదొక్కటే కనిపిస్తుంటే నీళ్ళ సంగతి పరీక్ష లేకుండానే తెలిసిపోతుంది. గులాబీ కాళ్ళ స్టిల్ట్‌లు కూడా మురుగుకు వెరవవు, వాటి సంఖ్య చూసి చెరువు బాగుందని మురిసిపోవద్దు.

కాలాల వారీగా చెప్పాలంటే, వలస బాతులకు అక్టోబరు నుంచి మార్చి. జకానాలకు పొడవాటి తోక, గొడ్డుకొంగకు నారింజ మెడ, గిజిగాళ్ళ గూళ్ళ సందడి వానాకాలంలో. నీళ్ళు అడుగంటే ఏప్రిల్, మేలో మిగిలిన మడుగు చుట్టూ పిట్టలు గుమిగూడతాయి కాబట్టి దగ్గరగా దొరుకుతాయి. కానీ తీతువు పిట్టలు నేల మీద గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టేదీ అప్పుడే. ఒక జత అరుస్తూ నెత్తి మీదికి దూకుతుంటే గుడ్లు మీ అడుగుల దగ్గరే ఉన్నట్టు. కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోండి. మే ఎండలో తల్లి పక్కకు తప్పుకున్న కొద్ది నిమిషాలకే గుడ్లు ఉడికిపోతాయి. గూళ్ళ ఫోటోలు, వాటి లొకేషన్ ఇంటర్నెట్‌లో పెట్టకండి. ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించడమూ వద్దు. గూళ్ళు, గుడ్లు చెడగొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

జాగ్రత్తల్లో అందరూ పాము అంటారు, నగర చెరువు దగ్గర రోజువారీ బెడద కుక్కలు. తెల్లవారుజామున కట్ట మీద గుంపులుగా ఉంటాయి. పరిగెత్తొద్దు, మోనోపాడ్ (ఒంటికాలి కెమెరా స్టాండు) చేతిలో ఉంచుకుని మెల్లగా పక్కకు తప్పుకోండి, వీలైతే ఇద్దరుగా వెళ్ళండి. శిఖం బురద పైన ఎండి పెచ్చులు కట్టినా లోపల నడుం లోతు ఉండొచ్చు, కర్రతో పొడిచి చూడకుండా అడుగు వేయొద్దు. మురుగు కలిసిన నీళ్ళలో పుండున్న కాలు పెడితే ఎలుక జ్వరం రావచ్చు, గంబూట్లు వేసుకోండి. సర్కారు తుమ్మ ముల్లు చెప్పుల్లోంచి దిగుతుంది. నీళ్ళలో ఈదే నీళ్ళపాముల్లో ఎక్కువవి విషం లేనివే. ఎండుగడ్డిలో చుట్ట చుట్టుకుని ఉండే రక్తపింజరతోనే అసలు ప్రమాదం. పడుకునే ముందు ఆ చోటంతా కర్రతో కొట్టి చూడాలి.

తీసిన పిట్ట ఏదో తేల్చుకోవాలంటే ముక్కు, కాళ్ళు, ఎగిరినప్పుడు వెనక భాగం కనిపించేలా రెండు మూడు ఫోటోలు అదనంగా తీయండి. తెల్ల కొంగల్లో చిన్నదానికి ముక్కు నలుపు, పాదాలు పసుపు. పెద్దదానికి నోటి చీలిక కంటి వెనక్కి పోతుంది. ఈబర్డ్‌లో (చూసిన పిట్టలను నమోదు చేసే వెబ్‌సైట్) జాబితా వేస్తే మీ చెరువుకు ఏ నెలలో ఏమొస్తుందో రెండేళ్ళలో తేలిపోతుంది. హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఏ చెరువును కాపాడాలని వాదించాలన్నా అక్కడ ఏ పిట్ట ఎప్పుడు కనిపించిందో తేదీలతో సహా రాసిన జాబితా చేతిలో ఉండాలి. ప్రతి జనవరిలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. కొత్తవాళ్ళు డెక్కన్ బర్డర్స్ లాంటి బృందాలతో కలిసి వెళ్తే బాతుల గుర్తింపు తొందరగా వస్తుంది.

ఇంటికి వచ్చాక మోనోపాడ్ కాలు, బూట్లు మంచి నీళ్ళతో కడగండి. వానాకాలంలో లెన్స్‌ను తోలు సంచిలో మూసి పెడితే ఫంగస్ పడుతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో వంద గ్రాముల నీలం సిలికా జెల్‌తో ఉంచండి. గింజలు గులాబీ రంగుకు మారాయంటే తేమ పట్టినట్టు. వంటకు వాడని పెనం మీద సన్నని సెగన మళ్ళీ నీలం తిరిగేదాకా వేయించి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. ఏసీ కారులోంచి ఉక్క గాలిలోకి దిగే రోజుల్లో కెమెరాను సంచి జిప్ తీయకుండా పావుగంట బయట ఉంచి అప్పుడు తీయండి, లేకపోతే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. బట్టతో తుడిచినా మళ్ళీ పడుతుంది.